తొమ్మిది మూరల లోతు

తవిటయ్య చేతిలో గెడ విరిగిపోయింది. అదీ తన సొంత మడుగులో, పొద్దున్న ఆరు గంటలకి, గాలీ వానా ఏమీ లేని రోజున. దోనె మీద నిలబడి, ఎప్పటిలాగే ఒళ్ళంతా బరువు వేసి గెడని బురదలోకి దించాడు. బురద దాన్ని మింగలేదు. నడుం లోతు నీళ్ళ కింద ఏదో గట్టిగా తగిలి, వెదురు మధ్యకి ఫెళ్ళుమంది. మనిషి వెళ్ళి నీళ్ళలో పడ్డాడు. లేచి చూసుకుంటే కాళ్ళ కింద నేల ఉంది. తాతల నాటి నుంచీ ఆ మడుగులో కాలు ఆనిన మనిషి లేడు.

తడి గోచీతోనే గట్టు వెంబడి మైలు దూరం నడిచి తుఫాను షెల్టరుకి వచ్చాడు. పేరుకే షెల్టరు. రెండేళ్ళుగా అది లేబొరేటరీ. అతని కూతురు దమయంతికి అక్కడే ఉద్యోగం.

"అమ్మీ, మన మడుగు రాయైపోనాది," అన్నాడు.

దమయంతి నవ్వింది. "పొద్దున్నే ఏటయ్యా నీ పరాచికాలు? గట్టి పడేది అడుగున గదా. నువ్వు గట్టు మీద పొడిసుంటావు."

"నలభయ్యేళ్ళుగా నాను గట్టెక్కడో నీళ్ళెక్కడో తెలీకుండా పొడుస్తన్నానేటే?"

అప్పుడు చూసింది అతని మోకాళ్ళు. చర్మం గీరుకుపోయి రక్తం కారుతోంది. బురదలో పడిన మనిషికి బురద అంటాలి గానీ దెబ్బలు తగలకూడదు. ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఎన్నాళ్ళో తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ చోటు ఎలాంటిదో కాస్త చెప్పుకోవాలి. పడమట కొండలు, తూర్పున ఇసుక దిబ్బలు, దిబ్బల అవతల సముద్రం. మధ్యలో మూడు మైళ్ళ పొడవున మూలతంపర. ఆ వైపు జనం తంపర అనేది చెరువునీ కాదు, ఊబినీ కాదు, రెండూ కలిసినదాన్ని. పైన నడుం లోతు తీపి నీళ్ళు, కింద ఎంత దూరం దిగుతుందో తెలియని మెత్తటి బురద. నడిమధ్యన మనిషి మెడలా సన్నబడుతుంది. దక్షిణపు కొసన మొగ ఉంది. వాన నీళ్ళన్నీ ఆ మొగలోంచే సముద్రంలోకి పోవాలి. మొగ పూడిందా, నీళ్ళు వెనక్కి తన్ని మూడు ఊళ్ళ మీద పడతాయి.

ఇక కొండేరు. కొండల్లోంచి దిగి, తంపరకి ఉత్తరంగా వంపు తిరిగి, తన దారిన తాను సముద్రంలో కలిసేది. పదేళ్ళ నుంచీ దానికి ఏం పుట్టిందో, వరద వచ్చినప్పుడల్లా వంద గజాలు తంపర వైపు జరుగుతోంది. ఒక్కసారి ఏరు లోపలికి దూరిందంటే తంపరని ఊడ్చి సముద్రంలో పోసేస్తుంది. దోనిపేటలో నలభై రెండు గడపలు, గడపకొక మడుగు పంచుకుని, ఆ నీళ్ళ మీదే బతుకుతాయి. చేపలు, తుంగ, తామర దుంపలు, గట్ల కింద వరి. వాళ్ళకి వేరే బతుకు తెలియదు.

దానికి ఆ లేబొరేటరీ పెట్టిన శాస్త్రవేత్త పాణిగ్రాహి గారు తెచ్చిన మందే గట్టుపురుగు. పురుగంటే పురుగు కాదు, కంటికి కనపడని జీవం. చూడ్డానికి చోడిపిండిలా ఎర్రటి పొడిగా ఉంటుంది. ఊరి వాళ్ళందరినీ పిలిచి, గాజు గ్లాసులో తంపర బురద పోసి, చిటికెడు పొడి, ఒక చెంచా బెల్లం మడ్డి వేసి కలిపాడు. మూడు గంటల తర్వాత గ్లాసు తిరగేస్తే బురద పడలేదు. సుత్తితో కొడితే గ్లాసు పగిలింది, బురద పగల్లేదు. "మా ఇంటి గోడకి కూసింత ఇయ్యండి బావూ!" అని గున్నమ్మ అరిస్తే అంతా నవ్వారు. ఏటి వైపున నీళ్ళ అడుగునే గోడ లేపేస్తే ఇక ఏరు తంపరలోకి రాలేదని ఆయన లెక్క. మడ్డి దాని తిండి. బురద ఎంత ఉంటే మడ్డి అంత పోయాలి. తిండి అయిపోగానే అది చచ్చిపోతుంది, పని అక్కడికి ఆగుతుంది. తిండి మిగిలితే మాత్రం ఏం జరుగుతుందో తనకి తెలియదని ఆయన నిజాయితీగానే చెప్పాడు.

మొదటి ప్రయోగానికి తండ్రి మడుగే ఇచ్చింది దమయంతి. అందులో ఏటి వైపు అంచున, గోడ మందాన, అడుగు బురద మాత్రమే గట్టిపడాలి. ముందు తమ ఇంటి నుంచే మొదలుపెడితే ఊరు నమ్ముతుందని. ఊరు నమ్మింది కూడా.

*

మధ్యాహ్నానికి పాణిగ్రాహి, దమయంతి దోనె మీద వెళ్ళి చూశారు. తవిటయ్య మడుగు ఒక్కటే కాదు, పక్క మడుగూ, దాని పక్కదీ బిగుసుకుపోయాయి. తుంగ మొదళ్ళు రాతిలో నాటినట్టు నిలబడ్డాయి. వాటి మధ్య ఒక కొర్రమీను సగం లోపల, సగం బయట ఇరుక్కుపోయి, తోక ఇంకా కొట్టుకుంటోంది. దమయంతి చెయ్యి పెట్టి లాగింది. అది రాలేదు.

"రోజుకి రెండు వందల గజాలు నడుస్తోంది," అన్నాడు పాణిగ్రాహి, నమూనా చూసి.  "మడ్డి మిగిలిందమ్మా. మిగిలిన మడ్డి తిని పెరిగిన రెండో తరం, తుంగ వేళ్ళు తినడం నేర్చుకుంది. ఇక దీనికి తిండి అయిపోవడమనేది లేదు. ఇంత మడ్డి మిగిలిందంటే బురద తొమ్మిది, పది మూరలకి మించి లేదిక్కడ. మనం పద్దెనిమిదికి పోశాం. లోతు ఎవరు చెప్పారు?"

దమయంతి గెడ అందుకుని దోనెని వెనక్కి తిప్పింది. 

ఆ తంపర మీద ఒక పద్ధతి ఉంది. ఎవడి మడుగు లోతు వాడికే తెలియాలి. లోతెక్కువ ఉన్న చోటే ఎండాకాలం చేప దాక్కుంటుంది గనుక, లోతు బయటపడితే పక్కవాడి వల అక్కడ పడుతుంది. అందుకని ఎవరు అడిగినా సగమే చెబుతారు. అన్నదమ్ములకీ సగమే, కట్టుకున్నదానికీ సగమే. ఒకడి మడుగులో ఇంకొకడు గెడ దించడం ఒళ్ళో చెయ్యి పెట్టినంత తప్పు. దీన్ని ఎవరూ అబద్ధం అనుకోరు. అలాగని సగం చెబుతామని ఎవరూ ఒప్పుకోరు కూడా. "మీ అయ్య ఎంత సెప్తే దానికి రెట్టింపు ఏసుకోయే," అని దమయంతి తల్లి, బతికున్న రోజుల్లో, నవ్వుతూ అంటూండేది.

కాబట్టి లోతుల లెక్క రాయమన్నప్పుడు దమయంతి తన తెలివికి తానే మురిసిపోయింది. బయటివాడైతే చెప్పింది చెప్పినట్టు రాసుకుని మోసపోయేవాడు. నలభై రెండు గడపలూ తిరిగి, విన్న అంకెని విన్నట్టు రాయకుండా మనసులోనే రెట్టింపు చేసి రిజిస్టర్లో వేసింది. తన వాళ్ళు సగాలు చెబుతారని ఆఫీసులో తెలియడం ఆమెకి చిన్నతనం. పక్కన ఒక్కొక్కరి సంతకమో వేలిముద్రో తీసుకుంది. అంకె చూసుకున్న వాళ్ళు చూసుకుని, తవిటయ్య కూతురు గడుసుదే అనుకుని, నోరు మెదపకుండా పెట్టారు. తవిటయ్య అంకె వైపు చూడకుండానే వేలిముద్ర వేశాడు.

ఇంటికి వచ్చేసరికి తవిటయ్య గుమ్మంలో కూర్చుని మోకాలికి పసుపు రాసుకుంటున్నాడు.

"అయ్యా, మడుగు లోతు నాకెంత సెప్పినావు?"

"తొమ్మిది మూరలు."

"అది సగవా, మొత్తవా?"

"మొత్తమే. ఏల?"

"అందరికీ సగమే గదా సెప్తావు!" దమయంతి గొంతు కీచుమంది.

"అందరికీ సెప్తాను. కన్నకూతురికి సగం సెప్తానేటే? సదూకున్న గుంటవి, లెక్క తప్పితే నీ ఉజ్జోగం పోద్దని, మీ అమ్మకి కూడా సెప్పని లోతు నీకు సెప్పినాను. మా అయ్య నా సెవిలో సెప్పినాక ఆ మాట మళ్ళీ బయటకొచ్చింది ఆ ఒక్కసారే."

దమయంతి గోడకి ఆనుకుని కూర్చుంది. ఏం చేసిందో చెప్పింది. చెబుతున్నంతసేపూ తండ్రి పసుపు ముద్దని వేళ్ళతో నలుపుతూనే ఉన్నాడు. తిడితే బాగుండును అనుకుంది. కొట్టినా బాగుండును.

"నన్ను నమ్మనేదన్నమాట," అన్నాడు చివరికి. అంతే అన్నాడు.

*

ఉప్పు ఒక్కటే దాన్ని చంపుతుంది. తంపర మెడ దగ్గర, అటు గట్టు నుంచి ఇటు గట్టుకి, బురద అడుగంటా ఉప్పు దించి అడ్డుకట్ట వెయ్యాలి. మూరకి మూడు బస్తాలు. తక్కువైతే గట్టుపురుగు కింద నుంచి దూరిపోతుంది. ఎక్కువైతే ఉప్పు దక్షిణానికి పాకి, మిగిలిన తీపి నీళ్ళు చచ్చిపోతాయి. దిబ్బల అవతల ఉప్పు మళ్ళు ఉన్నాయి, ఉప్పుకి కొదవ లేదు. కొదవల్లా లోతులకే. మెడలో ఏడు మడుగులున్నాయి. బిగుసుకోకముందే బురదలో ముందుగా పాకే గట్టుపురుగు పోగులు అప్పటికే అక్కడికి చేరడంతో గెడ సగంలోనే తట్టుకుంటోంది. కొలిచి తెలుసుకునే దారి లేదు. అసలు లోతు ఆ ఏడుగురి బుర్రల్లో తప్ప ఎక్కడా లేదు.

రిజిస్టర్లో రెట్టింపు అంకెలున్నాయి. కానీ తండ్రి నిజం చెప్పాక, ఇంకెవరు నిజం చెప్పారో, ఎవరు సగం చెప్పారో ఆమెకేం తెలుసు? మూడో రోజుకి వాయుగుండం వస్తోందని రేడియో ఒకటే మొత్తుకుంటోంది. వరద నీళ్ళు తోడైతే గట్టుపురుగు మొగ దాకా పరిగెత్తి, మొగనీ బండ చేసేస్తుంది.

సాయంత్రం దోనెల పాక దగ్గర ఊరంతా చేరింది. అప్పటికే ఐదు మడుగులు పోయాయి. ఆడవాళ్ళు చచ్చిన ఇంట్లోలా ఏడుస్తున్నారు. పాణిగ్రాహి చేతులు జోడించి ఉప్పు సంగతి చెప్పాడు. "ఆ ఏడు మడుగుల అసలు లోతు కావాలి. బతిమాలుకుంటున్నాను," అన్నాడు.

"అసలేటి, నకిలీ ఏటి బావూ?" అన్నాడు కులపెద్ద లోకనాథం. మెడలో మొదటి మడుగు అతనిదే. "మా పిల్లకి సెప్పినాం, రాసుకున్నాది. సంతకాలెట్టినాం. మా మాట మీద నమ్మకం నేదేటి మీకు?"

మిగతా ఆరుగురూ అదే పాట. చెప్పిందే చెప్పాం, రాసిందే రాశారు. దమయంతికి పిచ్చెత్తినట్టయింది. ఊరు మునిగిపోతుంటే ఇంకా మడుగు దాచుకుంటున్నారే! ఇక దాచి లాభం లేదు, జరిగింది చెప్పేద్దామని నోరు తెరిచింది.

ఆమె కన్నా ముందు తవిటయ్య లేచాడు.

"తప్పు నాదే. నా మడుగు తొమ్మిది మూరలు. గొప్పకి పోయి నా కూతురితో పద్దెనిమిది అన్నాను. ఆఫీసరు బావు దగ్గిర నా మడుగే పెద్దదని అనిపించుకోవాలని. ఆళ్ళు దానికే మడ్డి పోసినారు. నా అబద్దమే తంపరని తినేసినాది. మీరూ తప్పు లెక్క సెప్పి ఉన్నది కూడా పోగొట్టుకోకండి."

 సగం చెప్పడం అక్కడ మర్యాద. ఎక్కువ చెప్పుకోవడం మాత్రం ఎవడూ చెయ్యని పని. ఎవరో ఖాండ్రించి ఉమ్మారు. మడుగు పోయిన వాళ్ళలో ఒకడు మీదికి రాబోతే నలుగురు పట్టుకున్నారు.

"అయ్యా!" అంది దమయంతి.

తవిటయ్య ఆమె మణికట్టు పట్టుకుని పాక వెనక్కి లాక్కుపోయాడు. "నోరు ముయ్యే. నిజం సెప్పినోడి మడుగే రాయైపోనాదని తెలిస్తే ఈళ్ళు ఇంక జన్మలో నిజం సెప్తారా? నాకూ నీకూ ఎలగా పోయింది. ఉన్నోళ్ళ నీళ్ళు నిలబెట్టు ముందు. వాన ఎలిసినాక నీకేటి సెప్పుకోవాలనుంటే అది సెప్పుకుందువు."

ఆమె ఏడుస్తూనే షెల్టరుకి నడిచింది. 

చీకటి పడకముందే ఒక్కొక్కరే షెల్టరుకి వచ్చారు. ఒకరు వచ్చింది ఇంకొకరికి తెలియకుండా, దొంగల్లా. లోకనాథం గది తలుపు వేయించి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "పన్నెండు," అన్నాడు. గున్నమ్మ "పధ్నాలుగు" అని, "మా ముసిలోడు పోయినాక ఈ మాట నా నోట రానేదమ్మా," అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుగురూ వెళ్ళాక దమయంతి రిజిస్టరు తెరిచి సరిచూసింది. ఏడు అంకెలూ అచ్చంగా ఆమె వేసుకున్న రెట్టింపులే. ఆ ఏడుగురి దగ్గరా ఆమె తెలివి రవంత కూడా తప్పలేదు. తప్పింది ఒక్క తండ్రి దగ్గరే.

*

రెండు రోజులు ఊళ్ళో పొయ్యి వెలగలేదు. ఆడా మగా దిబ్బల మీదుగా ఉప్పు బస్తాలు మోశారు. చెమటకి ఉప్పు తగిలి భుజాలు పుళ్ళుపడ్డాయి. దోనె మీంచి బోలు వెదుళ్ళు బురదలోకి సుత్తులతో దిగగొట్టి, వాటిలోంచి చెప్పిన కొలతకి ఉప్పు దించారు. తవిటయ్య కూడా మోశాడు. అతను వరసలోకి వస్తే ముందువాడూ వెనకవాడూ ఎడంగా జరిగేవారు. మంచినీళ్ళ కుండ దగ్గర అతనికి చెంబు అందించేవాళ్ళు లేరు. దోసిలితో తంపర నీళ్ళే తాగాడు.

మూడో రోజు వాన దిగింది. ఆకాశానికి చిల్లు పడ్డట్టు ఒకటిన్నర రోజు కురిసింది. దమయంతి, పాణిగ్రాహి మొగ దగ్గర గొడుగులు కూడా లేకుండా నిలబడ్డారు. నీళ్ళు పెరిగాయి, గట్టు అంచుదాకా వచ్చాయి, ఆగాయి. ఆ తర్వాత మొగలోంచి హోరుమంటూ సముద్రంలోకి దూకడం మొదలుపెట్టాయి. మెడ దగ్గర అడ్డుకట్ట నిలిచింది. కింద నుంచి దూరనూ లేదు, ఉప్పు పాకనూ లేదు. మూడు ఊళ్ళు బతికాయి. ఉప్పు కట్ట పడిన మేర తప్ప, మెడలోని ఏడూ దక్షిణానివీ కలిపి ముప్ఫై మడుగులు తీపిగానే మిగిలాయి.

ఉత్తరాన పన్నెండు మడుగులు బూడిద రంగు బండ అయిపోయాయి. ఆ ఏడు కార్తీకంలో వచ్చిన వలస పక్షులు, అలవాటు చొప్పున అక్కడే వాలి, ముక్కులతో పొడిచి చూసి, కాసేపు కాళ్ళు ఎత్తెత్తి తిరిగి లేచిపోయాయి.

*

వాన వెలిసిన పదో రోజున దోనెల పాక దగ్గర మళ్ళీ కూడారు. ఈసారి తవిటయ్య తీర్పుకి. ఉన్న ముప్ఫై మడుగుల్నీ నలభై ఒక్క గడపలు పంచుకోవాలని తేల్చుకున్నారు. తవిటయ్య గడపకి నీళ్ళవెలి అన్నారు. అంటే అతని దోనె ఇక నీళ్ళలో దిగకూడదు. ఆ ఇంటి చేప ఎవరూ కొనకూడదు, ఆ ఇంటికి ఎవరూ అమ్మకూడదు. దోనె అందరి ముందూ తిరగేసి గొడ్డళ్ళతో కొట్టేస్తారు.

దమయంతి రిజిస్టరు పట్టుకుని మధ్యలోకి వచ్చింది.

"ఆగండి మావా. మా అయ్య అబద్దం సెప్పనేదు. నాతో తొమ్మిదే అన్నాడు. రెట్టింపు ఏసింది నాను. అందరికీ ఏసినట్టే మా అయ్యకీ ఏసేసినాను. ఏ శిచ్చ ఏసినా నాకెయ్యండి."

లోకనాథం మొహం జాలిగా పెట్టాడు. "తండ్రి కోసం ఏ కూతురైనా అలగే అంటాదమ్మా. కూకో."

"ఇదిగో లెక్క! మీ మడుగు ఎదర పన్నెండు అనుంది సూడండి. మీరు నాకు ఆరని సెప్పినారా నేదా? గున్నమ్మ పిన్నీ, నువ్వు ఏడన్నావు. ఇక్కడ పధ్నాలుగుంది. ఒక్కల్లు నిజం సెప్పినా సాలు, నాను అందరికీ రెట్టింపు ఏసినట్టు తెలిసిపోద్ది!"

జనం గగ్గోలుపెట్టారు. లోతులు పైకి చదివేస్తోంది! ఎవరో రిజిస్టరు లాక్కోబోయారు. ఆమె గుండెకి హత్తుకుని ఒక్కొక్క పేరూ పిలుస్తూ అడిగింది. నువ్వెంత చెప్పావు బావా? నువ్వెంత చెప్పావు అప్పా?

లోకనాథం గొంతు సవరించుకున్నాడు. ఊరందరి ముందు, కులపెద్ద, సగం చెప్పానని ఎలా అంటాడు? "పన్నెండే సెప్పినాను. సంతకం నాదే," అన్నాడు.

గున్నమ్మ తల ఎత్తలేదు. "పధ్నాలుగే అన్నానమ్మా నాను."

తర్వాతివాడు పదహారన్నాడు. ఆ తర్వాతివాడు పదన్నాడు. ఒకరి తర్వాత ఒకరు, రిజిస్టర్లో ఎంత ఉందో అంత, ఒక్క వేలు అటూ ఇటూ కాకుండా. దమయంతి ఒక్కొక్కరి కళ్ళలోకి చూసింది. అందరికీ తెలుసు. అందులో ఒక్కరికి కూడా తెలియకపోవడమనేది లేదు. నలభై ఒక్క మందీ తాము చెప్పింది నిజమేనని చెప్పారు. ఇక ఊరికి అనుమానం లేదు, ఆ పిల్ల విన్నది విన్నట్టే రాసింది.

"మడుగు కొలవండి!" అని అరిచింది. "మా అయ్య మడుగు కొలిసి సూడండి!" అరుస్తుండగానే ఆమెకి అర్థమైంది. కొలిస్తే తేలేది తొమ్మిది మూరలనే. అది అతనూ ఒప్పుకున్నదే.

లోకనాథం తవిటయ్య వైపు తిరిగాడు. "నువ్వే సెప్పరా. నీ కూతురికి ఎంత సెప్పినావు?"

దమయంతి తండ్రి కాళ్ళ మీద పడింది. "అయ్యా, నీకు దండవెడతాను. తొమ్మిదని సెప్పు. ఒక్కసారి సెప్పు."

తవిటయ్య చుట్టూ చూశాడు. మడుగులు పోయిన పదకొండు గడపల వాళ్ళు ముందు వరసలో ఉన్నారు. వాళ్ళ చూపులు అతని మీద లేవు. కాళ్ళ దగ్గర పడి ఉన్న పిల్ల మీద ఉన్నాయి. అతను ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"పద్దెనిమిదే సెప్పినాను బావూ," అన్నాడు.

ఆమెని లేపి నిలబెట్టి, గొడ్డళ్ళు పట్టుకున్న వాళ్ళకి తన దోనె ఎటు కట్టి ఉందో చూపించడానికి ముందు నడిచాడు.